ఇశ్రాయేలు మనం, యూదులు వాళ్లు

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా గుడిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. ఏప్రిల్లో రేణిగుంట ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడ రైలు మారిన వాళ్లందరికీ తెలుసు. ఫ్యాన్ల కింద కూడా సెగే. నాలుగో మాట మీద ప్రసంగించిన ఆయన పేరూ ఊరూ చెప్పను. క్రీస్తును చంపిన జాతి ఇప్పటికీ ఆ శాపం మోస్తోందనీ, హిట్లరు చేతిలో పడ్డ పాట్లు ఆనాడు వాళ్లు కోరి తెచ్చుకున్నవేననీ చెప్పి, ఏమీ జరగనట్టు తర్వాతి మాటలోకి వెళ్లిపోయాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. ముందు వరసలోంచి ఆమెన్ అని కూడా వినిపించింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

సాయంత్రం పెదనాయన ఇంటి అరుగు మీద ఈ మాటలు జరిగాయి. ఆయన గుంతకల్లు డివిజన్లో గూడ్స్ గార్డుగా చేసి రిటైరైన మనిషి, సంఘంలో పెద్ద. నేను కాలేజీలో చరిత్ర చెప్తాను. ఇద్దరం లూథరన్ సంఘంలోనే బాప్తిస్మం పొందినవాళ్లం. ఆయన మాట ఆయనదిగా, నా మాట నాదిగా రాస్తున్నాను.

పెదనాయన: ఆరాధన మధ్యలో అట్ల లేచి వచ్చేస్తే ఎట్ల పాపా? అందరూ చూసినారు. ఆ ఒక్క మాటకేనా?

నేను: ఆ ఒక్క మాటకే.

పెదనాయన: ఆయనేమన్నా సొంతంగా కల్పించినాడా? మత్తయి సువార్త 27వ అధ్యాయం తియ్యి. పిలాతు చేతులు కడుక్కుంటే ఆ జనమే దోషం నెత్తినేసుకున్నారు గదా. తమ మీదే గాదు, పిల్లల మీద గూడా.

నేను: ఆ వాకిట్లో ఎంతమంది పట్టి ఉంటారు పెదనాయనా? కొన్ని వందలు అనుకుందాం. ఆ రోజుకే యూదులు అలెగ్జాండ్రియాలో ఉన్నారు, రోములో ఉన్నారు, బబులోను దేశంలో ఉన్నారు. యేసు పేరే వినని వాళ్లు లక్షలమంది. రేణిగుంట స్టేషన్ ముందర ఒక గుంపు కేకేస్తే, దానికి నెల్లూరులో ఉన్నవాళ్ల మునిమనవళ్లు జవాబు చెప్పుకోవాలా? అదీగాక ఆ రోజు ఆయన కోసం ఏడ్చిన ఆడవాళ్లు ఎవరు? కన్నతల్లి ఎవరు? పేతురు, యోహాను ఎవరు? ఆ కథలో పిలాతునూ అతని సైనికులనూ పక్కన పెడితే, ఏడ్చినవాళ్లూ అరిచినవాళ్లూ అందరూ యూదులే.

పెదనాయన: సరే. కానీ మొదట దెబ్బలు తిన్నది మనోళ్లు గాదా? స్తెఫనును రాళ్లేసి చంపింది ఎవురు? పౌలును ఊరూరా తరిమింది ఎవురు?

నేను: నిజమే, కాదనను. అయితే అది ఒకే ఇంటి కొట్లాట. స్తెఫనూ యూదుడే, పౌలూ యూదుడే. రెండు పక్కలవాళ్లకూ చేతిలో అధికారం లేనప్పుడు జరిగినవి అవి. కాన్‌స్టాంటైన్ తర్వాత రోమా చక్రవర్తి మన పక్కకు వచ్చాడు. అప్పటినుంచి అది అన్నదమ్ముల తగాదా కాదు. అంతియొకయలో క్రిసోస్తమ్ అని గొప్ప ప్రసంగీకుడు, బంగారు నోటివాడని బిరుదు. 386, 387 ప్రాంతంలో యూదుల మీద వరసగా ప్రసంగాలు చేశాడు. వాళ్ల సమాజమందిరం దయ్యాల కొంప అన్నంత దూరం పోయాడు. ఎందుకో తెలుసా? ఆయన సంఘంవాళ్లే పండగొస్తే యూదుల మందిరానికి పోతున్నారు. బాకాలు వినడానికి, వాళ్లతో కలిసి ఉపవాసం ఉండటానికి.

పెదనాయన: మనోళ్లు తిరుపతి గంగమ్మ జాతరకు పోతే పాస్టరు తిట్టేదీ ఇదీ ఒకటే మాదిరి ఉండాదే.

నేను: సరిగ్గా అదే. తన గొర్రెలు దాటిపోతాయని పక్కింటి దొడ్డిని తిట్టాడు. ఇరుగుపొరుగు మామూలుగా కలిసి బతుకుతుంటే, మందలించాల్సింది పోయి విషం పోశాడు. ఆ రోజు విన్నవాళ్లు మర్చిపోయి ఉండొచ్చు. ఆ ప్రసంగాలు మాత్రం నకళ్లు నకళ్లుగా వెయ్యేళ్లు తిరిగాయి. యూదుల్ని చంపొద్దు, కానీ పైకి రానివ్వొద్దు, చెదిరిపోయి తక్కువై బతుకుతుంటే మన మతానికి అదే సాక్ష్యం అని సంఘపితరుడు అగస్టీను అన్నాడు. చంపొద్దన్న సగం త్వరగా మరుగునపడింది.

ఇక్కడ నేను కొంచెం వేగంగా చెప్పుకుంటూ పోయాను. 1096లో మొదటి క్రూసేడుకు బయల్దేరిన గుంపులు యెరూషలేము దాకా పోకముందే రైన్ నది ఒడ్డున వర్మ్స్, మైన్జ్ పట్టణాల్లో యూదుల ఇళ్ల మీద పడ్డాయి. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో ఒక పిల్లవాడు చనిపోతే యూదులే చంపారని పుకారు పుట్టింది. యూదులు క్రైస్తవ పిల్లల్ని బలిస్తారన్న ఆ అబద్ధం దేశదేశాలకూ పాకింది. 1215లో రోమాలో కూడిన సంఘ మహాసభ యూదుల బట్టలు వేరుగా తెలిసేటట్టు ఉండాలంది. 1290లో ఇంగ్లండు, 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్లగొట్టాయి. 1348లో తెగులు వస్తే బావుల్లో విషం కలిపారన్నారు. బావి మాట వినగానే పెదనాయన చెయ్యెత్తి ఆపాడు.

పెదనాయన: బావి సంగతి నాకు చెప్పొద్దు. మా తాతను ఊరి బావి గట్టు తొక్కనిచ్చినారా? దోసిలి పట్టి నిలబడితే పైనుంచి పోసినారు. ఊరి వీధిలో చెప్పులు చేత్తో పట్టుకోని నడిచినోడు. ఆ మనిషికి పలకా బలపం ఇచ్చింది ఎవురు? మిషను దొర. పక్కన కూసోబెట్టుకోని అక్షరాలు దిద్దించినాడు. నాయన రైల్వేలో చేరినాడంటే, నేను గార్డునైతినంటే, నువ్వు లెక్చరరు అయితివంటే, అంతా ఆ పలక పుణ్యం. నువ్వు ఆ చెట్టెక్కి ఆ కొమ్మనే నరుకుతా ఉండావు.

నేను: నరకడం లేదు. ఆ చెట్టు వేర్లు ఎక్కడివో చెప్తాను, విను. మన నాయుడుపేట, గూడూరు, కాళహస్తి, తిరుపతి వైపు 1860ల నుంచి వచ్చినవాళ్లు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్‌వాళ్లు.

పెదనాయన: తెలుసులే. మిలియుస్ దొర పేరు మా చిన్నప్పుడు చెప్పేవాళ్లు.

నేను: హెర్మన్స్‌బర్గ్ పెద్ద పట్నం కాదు. ల్యూనెబర్గ్ బీడుభూముల్లో ఒక పల్లె. 1849లో లూయీ హార్మ్స్ అనే పాస్టరు అక్కడ మిషనరీలను తయారుచేసే బడి పెట్టాడు. రైతుబిడ్డల్ని చదివించి ఆఫ్రికాకూ మన దేశానికీ పంపాడు. ఆ పల్లెకు దగ్గరలో, అదే జిల్లాలో, బెర్గెన్-బెల్సెన్ ఉంది. హిట్లరు కాలంలో కట్టిన నిర్బంధ శిబిరం. రేణిగుంట నుంచి కాళహస్తి ఎంత దూరమో, అంత కూడా ఉండదు. 50 వేలమందికి పైగా ఆ శిబిరంలో చనిపోయారు, ఆకలితో, టైఫస్ జ్వరంతో. డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ అక్కడే పోయింది. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం లోపలికి పోతే పూడ్చిపెట్టే దిక్కులేని శవాలు వేలకొద్దీ కనిపించాయి. మనకు సువార్త వచ్చిన మట్టి అది.

పెదనాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గట్టిగానే అన్నాడు.

పెదనాయన: మొదటి యుద్ధంలోనే మన దొరల్ని ఇంగ్లీషోళ్లు పట్టి క్యాంపుల్లో పెట్టి దేశం దాటించినారు. ఆ తర్వాత అమెరికా ఒహాయో సినడ్‌వాళ్లు వచ్చినారు. ముప్ఫై ఏళ్ల తర్వాత జరిగినదానికి మిలియుస్ దొరను బోనులో నిలబెడతావా? న్యాయమా అది?

నేను: న్యాయం కాదు, నిలబెట్టను. ఆయన మనకు చేసిన మేలులో ఆవగింజంత కూడా తగ్గించను. నేను అడిగేది వేరు. అంత బైబిలు తెలిసిన నేల మీద, అన్ని గుడిగంటల మధ్య అది ఎట్లా సాధ్యమైంది?

పెదనాయన: హిట్లరు క్రైస్తవుడే గాదు. వాడికి జాతిపిచ్చి, మతం గాదు.

నేను: నిజం. హిట్లరుది జాతి ద్వేషం, పాత ద్వేషం మతానిది. బాప్తిస్మం పొందితే పాత ద్వేషం వదిలేది. హిట్లరు ద్వేషం బాప్తిస్మం పొందినవాణ్ణీ వదల్లేదు. రెండూ ఒకటే అనే చరిత్రకారుడు తొందరపడుతున్నట్టే. కానీ ఆ కొత్త మంటకు ఎండుకట్టెలు ఎవరు పేర్చి ఉంచారు? మన లూథరే చెప్పు. 1523లో ఆయనే యేసుక్రీస్తు యూదుడుగా పుట్టాడని పుస్తకం రాశాడు. యూదుల్ని కుక్కల్లా చూస్తే వాళ్లు మన దగ్గరికి ఎందుకొస్తారని పోపు మనుషుల్ని నిలదీశాడు. ఇరవై ఏళ్లు గడిచినా వాళ్లు రాలేదు. 1543లో అదే చేత్తో, యూదుల గురించీ వాళ్ల అబద్ధాల గురించీ అంటూ ఇంకో పుస్తకం. సమాజమందిరాలు తగలబెట్టండి, ఇళ్లు కూలగొట్టండి, ప్రార్థన పుస్తకాలు లాక్కోండి, రబ్బీల నోళ్లు మూయించండి, బండచాకిరీ చేయించండి అని పాలకులకు వరసపెట్టి సలహాలు. నాలుగు వందల ఏళ్లు దాటకముందే, 1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా వెయ్యికి పైగా మందిరాలు తగలబడ్డాయి. నవంబరు 10 లూథరు పుట్టినరోజు. తురింగియా లూథరన్ బిషప్పు మార్టిన్ సాసె ఆ తారీఖు కలిసొచ్చిందని సంతోషపడి, లూథరు మాటల్నే చిన్న పుస్తకంగా వేసి పంచాడు.

పెదనాయన: బిషప్పా?

నేను: బిషప్పే.

పెదనాయన: లూథరు చిన్న కాటకిజం నాకు నోటికొచ్చు. ఆయన కోట పాట సంస్కరణ ఆదివారం నేనే ఎత్తుకుంటా. అరవై ఏళ్లలో ఒక్క పాస్టరన్నా ఈ సంగతి చెప్పలా.

నేను: చెప్పి ఉంటే మధ్యాహ్నం ఆ ఆమెన్ వచ్చేది కాదు. ఇంకొక్కటి, నీ ఉద్యోగానికి సంబంధించింది. ఆ శిబిరాలకు మనుషుల్ని తీసుకుపోయింది రైళ్లే కదా. జర్మనీ రైల్వే దానికి చార్జీ వసూలు చేసింది. మనిషికి మూడో తరగతి టికెట్టు, కిలోమీటరు లెక్కన. పదేళ్లలోపు పిల్లలకు సగం. నాలుగేళ్లలోపు వాళ్లకు ఉచితం. ఎక్కువమంది ఉంటే గుంపు రాయితీ. తీసుకుపోయేవాళ్లకు ఒకవైపు చార్జీ, కాపలావాళ్లకు రానుపోను. ఎక్కించింది చాలావరకు గూడ్స్ పెట్టెల్లో.

పెదనాయన మంగంపేట ముగ్గురాయి, సిమెంటు, బియ్యం మోసిన బండ్లకు గార్డుగా పోయినవాడు. ఎండాకాలం మూతపెట్టిన పెట్టె లోపల ఎట్లా ఉంటుందో నాకు చదివితే తెలిసింది, ఆయనకు తలుపు తీస్తే తెలిసింది.

పెదనాయన: ఏప్రిల్ మేలో నందలూరు సైడింగులో నిలబెట్టిన పెట్టె రేకు మీద చెయ్యి పెడితే బొబ్బ లేస్తాది. నీళ్లన్నా ఇచ్చినారా?

నేను: చాలా బండ్లలో ఇవ్వలేదు.

పెదనాయన: ప్రతి బండికీ ఒక గార్డు ఉండుంటాడు పాపా. టైము రాసుకునుంటాడు. ఎన్ని పెట్టెలు, ఏ స్టేషన్లో ఎంతసేపు. సీళ్లు సరిగా ఉండాయా లేదా చూసుంటాడు. ఆదివారం గుడికి గూడా పోయుంటాడు.

నేను: పోయే ఉంటాడు. ఆ గుడిలో ఏం విన్నాడన్నదే నా బాధంతా. అదే లూథరు కాటకిజం చదివిన డెన్మార్కులో వేరేగా జరిగింది. 1943 అక్టోబరు 3న డేనిష్ బిషప్పుల ఉత్తరాన్ని గుళ్లలో చదివారు. యేసు యూదుడుగా పుట్టాడు, ఈ హింస క్రైస్తవానికి విరోధం అని తేల్చి చెప్పారు. ఆ రోజుల్లోనే చేపల పడవల్లో 7 వేలమందికి పైగా యూదుల్ని స్వీడన్ ఒడ్డు చేర్చారు. ఉత్తరం ఒక్కటే చేసిందని అనను, చాలామంది ధైర్యం కలిసింది. కానీ అక్కడి గార్డు ఆదివారం విన్న మాట వేరు.

పెదనాయన: బోన్‌హోఫర్ గూడా లూథరన్ పాస్టరే. హిట్లరుకు ఎదురు నిలిచినాడని ఆయన్ని ఉరేసినారు.

నేను: అవును, 1945 ఏప్రిల్ 9న. ఆయన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం. సాసెను చెప్పుకోం.

పెదనాయన: ఇదంతా ఆడ జరిగింది. మనం యూదుణ్ణి కంటితో చూసినామా? ఒక్కణ్ణి కొట్టినామా? మా కాలంలో కరుణామయుడు సినిమా చూసి ఏడ్చినాం గానీ ఎవురి మీదా కత్తి దూయలా. పైగా ఇశ్రాయేలు అంటే మనోళ్లకు ప్రాణం. యెరూషలేము యాత్రకు గవర్నమెంటే డబ్బులిచ్చింది, 2019లో 40 వేలు ఉండేదాన్ని 60 వేలు చేసినారు, పేదోళ్లకు. మన సంఘం నుంచి పోయొచ్చినోళ్లు ఉండారు. ద్వేషం ఉంటే పోతారా?

నేను: పోయొచ్చినవాళ్లని అడుగు, రాళ్లు చూశారా, మనుషుల్ని చూశారా అని. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మన భాషలోనే ఉంది. మన ఇళ్లలో ఇశ్రాయేలు అని పేరున్నవాళ్లు ఎంతమంది? యాకోబు, దావీదు, శామ్యూలు, ఎస్తేరు, అన్నీ వాళ్ల పేర్లే. పాటలో, ప్రార్థనలో మంచి జరిగేచోటల్లా ఇశ్రాయేలు, అది మనమే. ఐగుప్తు దాటింది మనం, సముద్రం చీలింది మన కోసం. సువార్తల్లోకి వచ్చేసరికి వల పన్నేవాళ్లు, రాళ్లెత్తేవాళ్లు యూదులు, వాళ్లు పరాయివాళ్లు. ఒకే జనం పెదనాయనా. దీవెన ఉన్న పేరు మనం తీసుకున్నాం, నింద ఉన్న పేరు వాళ్లకు వదిలేశాం. యేసును అమ్మినవాడి పేరు యూదా కావడంతో ఇంకా తేలికైపోయింది. శిష్యులు పన్నెండుమందీ యూదులే అయినా, ఆ ఒక్కడి పేరులోనే జాతి పేరు వినబడుతుంది మనకు.

పెదనాయన: యూదా గోత్రపు సింహమని గూడా అంటాం గదా.

నేను: అంటాం. ఆ సింహం యూదుల గోత్రానిదని ఎప్పుడైనా తట్టిందా?

పెదనాయన: తట్టలా. నిజంగా తట్టలా.

నేను: ఇక మనం చూడలేదన్న మాట. మన దేశంలో యూదులు తరతరాలుగా ఉన్నారు. కొచ్చి రాజు 1568లో తన కోవెల పక్కనే వాళ్లకు మందిరం కట్టుకోనిచ్చాడు. దాన్ని 1662లో తగలబెట్టింది పోర్చుగీసు క్రైస్తవులు. గోవాలో 1560లో మతవిచారణ కోర్టు పెట్టిందీ వాళ్లే. గార్సియా ద ఓర్తా అని గొప్ప వైద్యుడు, మన దేశపు మందుమొక్కల మీద 1563లో పుస్తకం అచ్చువేసినవాడు, అక్కడే పోయాడు. తర్వాత ఆయన చెల్లెల్ని కాల్చారు. రహస్యంగా యూదుడుగానే బతికాడని 1580లో ఆయన ఎముకల్ని కూడా తవ్వి తీసి కాల్చారు. మన కృష్ణ ఒడ్డు వజ్రాలు కొనడానికి మద్రాసులో కాపురం పెట్టిన యూదు వర్తకుల్లో చాలామంది, పోర్చుగల్‌లో ఆ మంటలు తప్పించుకున్నవాళ్ల సంతతే. ఇరుగుపొరుగు హిందువులు వాళ్ల జోలికి పోలేదు. మన దేశంలో వాళ్ల వెంటపడిన ద్వేషం ఓడల్లో సిలువతో పాటు దిగింది.

పెదనాయన: గుంటూరు పక్క మాదిగోళ్లే యూదులమని చెప్పుకుంటా ఉండారంట గదా. వాళ్ల సంగతేంది?

నేను: చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. ఎఫ్రాయిము గోత్రం వాళ్లమంటారు. ముందు క్రైస్తవులే. 1990ల మొదట్లో మందిరం పెట్టుకున్నారు, శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, తెలుగులో మాట్లాడుతూ హీబ్రూ నేర్చుకుంటున్నారు. వాళ్ల గోత్రం నిజమా కాదా నేను తేల్చలేను. మధ్యాహ్నం ఆ ప్రసంగం వాళ్ల పిల్లల్లో ఒకరు మన గుడి వెనక బెంచీ మీద కూర్చుని విని ఉంటే నువ్వేం చెప్పేవాడివి?

ఆయన జవాబు చెప్పలేదు. అసలు భయం వేరేది, అది అప్పుడు బయటపడింది.

పెదనాయన: చూడు పాపా. ఇప్పటికే మన మీద ఎన్ని మాటలు పడతా ఉండాయి. ఈ చరిత్ర మనమే గుళ్లో ఎత్తితే బయటోళ్లకు కత్తి ఇచ్చినట్టు. మన బండి మనమే పట్టాలు తప్పించుకుంటామా?

నేను: ఆ భయం నాకూ ఉంది. కానీ మన తాత సంగతి నువ్వే చెప్పావు. బావి గట్టు తొక్కనివ్వనివాళ్లు ఆయనకు ఏం కారణం చెప్పారు?

పెదనాయన: పోయిన జన్మ పాపమన్నారు. పుట్టుకే శాపమన్నారు.

నేను: మిషను దొర ఏమన్నాడు?

పెదనాయన: (కొంచెం ఆగి) పుట్టుకలో శాపం ఉండదన్నాడు. అది అబద్ధమన్నాడు. ఆ దొర మాట నమ్మే గదా మా తాత మోకాళ్లూనింది.

నేను: ఆ మాట కోసం మన కుటుంబం క్రైస్తవులైంది. అదే గుడిలో నిలబడి, ఇంకో జనానికి పుట్టుకతోనే శాపం ఉందని చెప్తుంటే మనం ఆమెన్ అన్నాం. తాతకు ఏం ముఖం చూపించాలి?

చీకటి పడింది. పెద్దమ్మ లైటు వేసి, మజ్జిగ గ్లాసులు పెట్టి పోయింది. ఇవాళ్టి ఇశ్రాయేలు ప్రభుత్వం పాలస్తీనావాళ్లకు చేసేదాన్ని అననే కూడదా అని ఆయన అడిగాడు. అనొచ్చు, బేత్లెహేములో లూథరన్ సంఘమే ఉంది, ఆ పాలస్తీనా క్రైస్తవులు గట్టిగా అంటున్నారు, ప్రభుత్వాన్ని అనడానికి జాతి శాపం అక్కర్లేదన్నాను. ఒప్పుకున్నాడు. మన మిషన్ నడిపిన ఒహాయో సినడ్ కలిసిపోయిన పెద్ద సంఘం, అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ చర్చి, 1994లో లూథరు రాసిన ఆ మాటల్ని బహిరంగంగా తోసిపుచ్చి యూదులకు తమ దుఃఖం తెలిపిందనీ, అంతకు పదేళ్ల ముందే బుడాపెస్ట్‌లో ప్రపంచ లూథరన్ సమాఖ్య ఆ మాట చెప్పిందనీ, రోమా సంఘం 1965లోనే యూదజాతి మీద ఆ దోషం మోపకూడదందనీ చెప్పాను.

పెదనాయన: అమెరికాలో చెప్పుకున్నారు సరే, మనకెందుకు చెప్పలా?

నేను: మనం అడగలేదు.

పెదనాయన: ఒకటి ఆలోచిస్తా ఉండా. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చదువుతాం గదా. అందులో యేసు ప్రభువు గాకుండా మనుషుల పేర్లు ఎన్ని? రెండే. మరియమ్మ, పొంతి పిలాతు. కన్నది ఒక యూదురాలు. శ్రమపెట్టింది రోమా అధికారి. యూదులు చంపినారని అందులో యాడుంది? నోటికొచ్చిందే చదువుతా ఉన్నా, వినలేదు ఇన్నాళ్లు.

నేను కూడా అది అట్లా ఎప్పుడూ వినలేదు. ఆ మాట ఆయనది.

నేను: నాలుగో మాట మీద ప్రసంగం కదా మధ్యాహ్నం. సిలువ మీది ఆ కేకను తెలుగు బైబిలు కూడా ముందు యేసు పలికిన భాషలోనే ఉంచింది. అది 22వ కీర్తన మొదలు. ప్రాణం పోతున్న యూదుడు తన వాళ్ల ప్రార్థన తన వాళ్ల మాటలో ఎత్తుకున్నాడు. ఆ మాట మీద నిలబడి యూదులకు శాపం చెప్పాడు ఆ ప్రసంగీకుడు.

పెదనాయన: వచ్చే ఏడు నాలుగో మాట నాకియ్యమని అడుగుతా. కమిటీలో గూడా చెప్తా, మధ్యాహ్నం చెప్పిన మాట తప్పని. లూథరు రాసింది గూడా చెప్తా, నాకు సిగ్గయినా సరే. కానీ ఆ హెర్మన్స్‌బర్గ్, ఆ బెల్సెన్ దూరం సంగతి గుళ్లో వద్దు పాపా. ముసలోళ్లు ఉండారు. మిలియుస్ దొర పేరు పెట్టుకున్న ఇళ్లుండాయి. వాళ్ల గుండె పగలగొట్టొద్దు.

నేను: అది కూడా చెప్పాలి పెదనాయనా.

పెదనాయన: వద్దంటి గదా.

నేను: దొర మంచివాడని ముందు చెప్పి, తర్వాత ఆ దూరం చెప్పు.

పెదనాయన: అది నా వల్ల కాదు. ఆ పక్క నుంచి వచ్చిన పలకతోనే నాకు అక్షరం వచ్చింది.

ఈ ఒక్క సంగతి మీద ఆ రాత్రి పదింటి దాకా వాదించుకున్నాం. ఈస్టరు అయిపోయి వారాలు గడిచాయి, ఇంకా తెగలేదు.